బుడ్డల చేనులో కంది సాలు: నటుడు పొట్టి వీరయ్య జీవితం

పొట్టి వీరయ్య అసలు పేరు గట్టు వీరయ్య. తెలుగు సినిమాల్లో మరుగుజ్జు నటుడు అనగానే పాతతరం ప్రేక్షకులకు మొదట గుర్తొచ్చే పేరు ఆయనదే. సొంతూరు ఫణిగిరి. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, తిరుమలగిరి మండలం. ఇప్పుడు ఆ ఊరు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఊరి గుట్ట మీద ప్రాచీన బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు ఉన్నాయి. వాటివల్ల ఫణిగిరి పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ ఊరి మనిషి పేరు సినిమా టైటిల్స్‌లోకి ఎక్కింది మాత్రం వీరయ్యతోనే.

పత్తికొండ, తుగ్గలి, మద్దికెర, దేవనకొండ పల్లెల్లో నడివయసు దాటిన శ్రోతలకు ఆయన ముఖం తెలియకుండా ఉండదు. పేరు చెబితే గుర్తు రాకపోవచ్చు. జానపద సినిమాలో పొట్టి మనిషి అంటే చాలు, వెంటనే గుర్తొస్తారు. ఆ మనిషి ఎక్కడివాడు, సినిమాల్లోకి ఎట్లా వచ్చాడు, ఏం సంపాదించుకున్నాడు, చివరికి ఏమయ్యాడు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఈ ప్రసంగం ఆ సంగతుల గురించి.

వీరయ్య చిన్నప్పుడు ఈడు పిల్లలతో పాటు ఎదగలేదు. వయసు పెరిగింది, ఎత్తు పెరగలేదు. పెద్దయ్యాక కూడా పక్కనున్న మనిషికి నడుము దాకానే వచ్చేవారు. ఇది ఎందుకు జరుగుతుందో శ్రోతలు తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే మన పల్లెల్లో ఇప్పటికీ ఇట్లాంటి బిడ్డ పుడితే గ్రహణం పట్టిందంటారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో చేయకూడనిది చేసిందంటారు. పూర్వజన్మ పాపమంటారు. ఇవేవీ నిజం కాదు.

మనిషి పొడవు పెరిగేది ఎముకల చివరల్లో. అక్కడ మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది కొద్దికొద్దిగా గట్టి ఎముకగా మారుతూ పోతుంది. చేతులూ కాళ్లూ సాగేది అట్లానే. ఈ పని మందగిస్తే ఎత్తు ఆగిపోతుంది. మందగించడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎక్కువగా కనిపించేది ఒక జన్యువులో వచ్చే చిన్న మార్పు. దాన్ని వైద్యులు ఎకాండ్రోప్లేసియా అంటారు. సుమారు 25,000 జననాల్లో ఒకరికి ఇది వస్తుంది. ఇందులో మొండెం ఇంచుమించు అందరిలాగే ఉంటుంది. చేతులు, కాళ్లు పొట్టిగా ఉంటాయి. తెలివికి ఏ లోటూ ఉండదు. ఇట్లా పుట్టే ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది తల్లిదండ్రులు మామూలు ఎత్తు మనుషులే. అంటే ఆ మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలైందన్నమాట. తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు.

ఇంకో రకం ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎదుగుదల హార్మోన్‌ను చాలినంత ఇవ్వదు. అప్పుడు మనిషి అన్ని అవయవాలూ ఒకే కొలతలో, చిన్నగా ఉండిపోతాడు. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా ఎదుగుదల ఆగుతుంది. ఈ రెండింటికీ మందు ఉంది. అయితే చిన్న వయసులోనే కనిపెట్టాలి. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ ఇంజెక్షనూ ఎత్తు పెంచలేదు. ఈ మాట శ్రోతలు గుర్తుంచుకోవాలి. చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావాల్సి ఉంటుంది.

వీరయ్యకు చదువుకునే రోజుల నుంచే నాటకాల పిచ్చి. స్టేజీ ఎక్కితే జనం చూపు తిప్పుకోరు. ఆ ధైర్యంతోనే మద్రాసు రైలెక్కారు. 1960ల మాట అది. తెలుగు సినిమా అంతా అప్పుడు మద్రాసులోనే ఉండేది. కోడంబాక్కం, వడపళని స్టూడియోల గేట్ల ముందు, పాండీబజార్ చెట్ల కింద, వేషాల కోసం వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఎప్పుడూ కనిపించేవారు. అందగాళ్లకే అవకాశాలు దొరకని చోటు. అక్కడికి ఈ పొట్టి మనిషి వెళ్లారు.

ముందు కడుపు నిండాలి. వీరయ్య ఒక పూల అలంకరణ దుకాణంలో పనికి కుదిరారు. పగలు పూల పని, సందు దొరికితే వేషాల వేట. ఆ తిరుగుడులో ఒకసారి నటుడు శోభన్‌బాబును కలిశారు. శోభన్‌బాబు ఉత్తమాటలు చెప్పి పంపలేదు. నీకు సరిపోయే వేషాలు ఇవ్వగలిగినవాళ్లు ఇద్దరే, ఒకరు విఠలాచార్య, ఇంకొకరు భావనారాయణ, వాళ్లను కలువు అని దారి చూపించారు. కొత్తగా వచ్చిన మనిషికి ఇంతకంటే పనికొచ్చే సలహా ఉండదు. ఏ తలుపు తట్టాలో తెలియకే చాలామంది జీవితం గేటు బయట గడిచిపోతుంది.

బి. విఠలాచార్య కన్నడ దేశపు మనిషి. ఉడుపి ప్రాంతంలో 1920లో పుట్టారు. తెలుగువాళ్లు ఆయనను జానపద బ్రహ్మ అని పిలుచుకున్నారు. తక్కువ ఖర్చు, ఎక్కువ మాయ. అదే ఆయన పద్ధతి. అస్థిపంజరాలు లేచి నడుస్తాయి. తెగిన తల మాట్లాడుతుంది. మనిషి మేకైపోతాడు, చిలకైపోతాడు. కాల్షీట్ల దగ్గర సతాయించిన నటుణ్ని కథలో చిలకగా మార్చేసి, మిగతా షూటింగ్ చిలకతో కానిచ్చేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు అగ్గి పేరు అచ్చొచ్చింది. 1964లో అగ్గిపిడుగు, 1966లో అగ్గిబరాటా, 1967లో అగ్గిదొర. ఆ వరుసలో 1969లో వచ్చింది అగ్గివీరుడు. ఎన్.టి. రామారావు హీరో. అదే వీరయ్య తొలి సినిమా.

ఈ జానపద సినిమాలకు రాయలసీమ పెట్టింది పేరు. ఆ రోజుల్లో మన పల్లెలకు సినిమా అంటే టూరింగ్ టాకీసే. గుడారం, ముందు ఇసుక పోసిన నేల టికెట్టు, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ఒకే ప్రొజెక్టర్ ఉంటే రీలు మార్చిన ప్రతిసారీ దీపాలు వెలిగేవి. అప్పుడు శనగల బుట్టవాడు మధ్యలోంచి అరుస్తూ పోయేవాడు. సుగ్గి అయ్యాక బండ్లు కట్టుకుని పొరుగూరి నుంచి వచ్చేవాళ్లు. సాంఘిక చిత్రం ఆడని చోట కూడా కత్తియుద్ధం సినిమా ఆడేది. మాయలూ మంత్రాలూ ఉంటే పిల్లల నుంచి అవ్వల దాకా అందరూ కదిలేవారు. ఆ తెర మీద వీరయ్య కనిపించగానే నేల టికెట్టులో ఈలలు పడేవి.

జానపద కథకు పొట్టి మనిషి కావాలి. మాంత్రికుడి గుహలో కాపలా, రాజకుమారుడికి దారిలో తోడు, రాక్షసుడి పక్కన సేవకుడు. ఇట్లాంటి పాత్రలు కథలోంచే పుడతాయి. ఆరడుగుల వీరుడి పక్కన పొట్టి మనిషిని నిలబెడితే వీరుడు ఇంకా పొడుగ్గా కనిపిస్తాడు. భారీ సెట్టు ఇంకా భారీగా కనిపిస్తుంది. డబ్బు ఖర్చు లేని ట్రిక్కు అది. విఠలాచార్యలాంటి దర్శకుడికి ఆ విలువ తెలుసు. 1978లో వచ్చిన ఆయన జగన్మోహిని ఊరూరా ఆడింది. అందులోనూ వీరయ్య ఉన్నారు.

అయితే ఈ పనిని దగ్గరగా చూస్తే అందులో ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. సెట్టు మీద అన్నీ మామూలు ఎత్తు మనిషి కొలతకే ఉంటాయి. కెమెరా అతని కళ్ల ఎత్తులో ఉంటుంది. పొట్టి నటుడు ఫ్రేములోకి రావాలంటే కెమెరా కిందికి దిగాలి, లేదా నటుడు చెక్కపెట్టె ఎక్కాలి. కెమెరా దించాలంటే లైట్లు కూడా మార్చాలి. టైము లేదంటారు. చివరికి నటుడే పెట్టె ఎక్కుతాడు. ఆ చిన్న పెట్టె మీద నిలబడి, తూలకుండా, ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ డైలాగు చెప్పాలి. నవ్వించాలి కూడా.

దుస్తుల సంగతి వేరే. చిన్నపిల్లల చొక్కా తెస్తే భుజాల దగ్గర పట్టదు. పెద్దల చొక్కా తెస్తే చేతులు వేళ్లు దాటి వేలాడతాయి. ఎకాండ్రోప్లేసియా ఉన్నవాళ్లకు భుజాలు పెద్దలవే, చేతులు మాత్రం పొట్టి. కాబట్టి ప్రతి బట్టా కొలత తీసి కుట్టాల్సిందే. పల్లెలో అయినా అంతే. రెడీమేడ్ దుకాణంలో వాళ్లకు బట్ట దొరకదు. పండగకు నెల ముందే దర్జీ దగ్గరికి పోవాలి. ఇక ఎక్కువసేపు నిలబడితే నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మామూలు మనిషికి మోకాలెత్తు. పొట్టి మనిషికి అది తొడ దాటుతుంది. చేతులతో కడ్డీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. వెనక జనం తోస్తుంటారు. ఇన్ని ఇబ్బందులు పడుతూ ఇన్నేళ్లు ఔట్‌డోర్లు తిరిగి నటించిన మనిషిని కేవలం నవ్వు పుట్టించే ఆకారంగా చూడటం అన్యాయం. ఆయన పనివాడు. పని తెలిసిన నటుడు.

వీరయ్య జానపదాలతో ఆగలేదు. 1973లో దాసరి నారాయణరావు తొలిసారి దర్శకత్వం వహించిన సినిమా తాత మనవడు. ఎస్.వి. రంగారావు, రాజబాబు నటించిన సాంఘిక చిత్రం. అందులో వీరయ్యకు వేషం దొరికింది. మరుసటి ఏడు దాసరి తీసిన రాధమ్మ పెళ్లిలోనూ దొరికింది. 1979లో ఎన్.టి. రామారావు యుగంధర్ వచ్చింది. అది నేర ప్రపంచం కథ. అందులోనూ నటించారు. తెలుగుతో పాటు తమిళ, కన్నడ, మలయాళ సినిమాల్లో కూడా వేషాలు వేశారు. అన్నీ కలిపితే సినిమాలు వందల్లో ఉంటాయి.

సాంఘిక చిత్రంలో వేషం దొరకడం చిన్న విషయం కాదు. జానపదంలో పొట్టి మనిషి ఉండటం కథకు అవసరం. సాంఘికంలో అతను ఒక ఊరి మనిషి. ఒక వీధి మనిషి. నిజ జీవితంలో ఎట్లా ఉంటారో అట్లా. పొట్టితనం కోసం కాక మనిషి కోసం రాసిన వేషం అదే. అట్లాంటి వేషాలు వీరయ్యకు ఎక్కువ రాలేదు. వచ్చినవి కూడా చిన్నవి. ఇక్కడే ఆయన జీవితంలోని అసలు కష్టం ఉంది.

ఈ కష్టం పత్తికొండ రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. చేనంతా బుడ్డలే విత్తిన రైతును తీసుకోండి. వాన సమయానికి పడితే ఆ ఏడు అతనంత ధీమా ఎవరికీ ఉండదు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చేనంతా ఒకేసారి పోతుంది. పాతకాలపు రైతు అట్లా చేయలేదు. గొర్రుతో బుడ్డలు విత్తుతూనే, కొన్ని సాళ్లకు ఒక సాలు కంది వేసుకున్నాడు. కంది వేరు లోతుకు దిగుతుంది. బుడ్డలు పీకేశాక కూడా కంది చేనులో నిలబడి ఉంటుంది. వెనక పడిన వానకు కాపు కాస్తుంది. బుడ్డలు పోయిన ఏడు కూడా ఇంట్లో పప్పు ఉంటుంది.

వీరయ్య బతుకు చేనంతా ఒకే పంట. ఆ పంట జానపద సినిమా. ఆ సినిమా ఉన్నంతకాలం ఆయనకు పని ఉంది. 1980లు వచ్చేసరికి కత్తియుద్ధం సినిమాలు తగ్గిపోయాయి. కుటుంబ కథలు, ఫైటింగులు, డ్యాన్సులు వచ్చాయి. పరిశ్రమ కొద్దికొద్దిగా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలింది. గుహలు పోయాయి, మాంత్రికులు పోయారు, వాళ్ల పక్కన నిలబడే పొట్టి మనిషీ అక్కర్లేకపోయాడు. వీరయ్య నటన తగ్గలేదు. వేషాలు తగ్గాయి. మళ్లీ చెప్పాలి, నటన తగ్గలేదు, వేషాలు తగ్గాయి. కంది సాలు లేదు.

ఇందులో వీరయ్య తప్పేమీ లేదు. ఆ రెండో సాలు వేసే అవకాశం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. 1989లో వచ్చిన విచిత్ర సోదరులు సినిమా శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. తమిళంలో తీసిన చిత్రం. దర్శకుడు మన తెలుగువాడైన సింగీతం శ్రీనివాసరావు. సర్కస్‌లో పనిచేసే అప్పు అనే మరుగుజ్జు అందులో కథానాయకుడు. ప్రేమిస్తాడు, మోసపోతాడు, తండ్రిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుంటాడు. ఒక మరుగుజ్జు మనిషికి అంత నిండైన పాత్ర రాయవచ్చని ఆ సినిమా చూపించింది. ఆ పాత్ర వేసింది మాత్రం కమల్‌హాసన్. కాళ్లు వెనక్కి మడిచి, మోకాళ్లకు బూట్లు కట్టుకుని, కొన్ని చోట్ల నేలలో గుంత తవ్వి నటించారు. ఆ కష్టం గొప్పది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. నిజంగా పొట్టిగా ఉన్న నటులు అదే సినిమాలో సర్కస్ గుంపులో కనిపిస్తారు. పాత్ర పెరిగితే అది పొడుగు నటుడి దగ్గరికి పోయింది. పొట్టి నటుడికి గుంపులో చోటే మిగిలింది.

ఇది మారదా అంటే, మారింది. కేరళలో అజయ్‌కుమార్ అనే నటుడు ఉన్నారు. ఎత్తు 76 సెంటీమీటర్లు. అంటే రెండున్నర అడుగులు. 2005లో వినయన్ దర్శకత్వంలో వచ్చిన అద్భుత ద్వీపు అనే మలయాళ సినిమాలో ఆయన ప్రధాన పాత్ర వేశారు. పూర్తి నిడివి చిత్రంలో ప్రధాన పాత్ర వేసిన అతి పొట్టి నటుడిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అప్పటినుంచి జనం ఆయనను గిన్నిస్ పక్రు అంటున్నారు. 2013లో ఆయనే దర్శకుడై ఒక సినిమా తీశారు. నటన ఒక సాలు, దర్శకత్వం ఇంకో సాలు.

హిందీలో లిల్లీపుట్ అనే పేరుతో నటించే ఎం.ఎం. ఫారూఖీది బీహార్‌లోని గయ. 1985 నాటి సాగర్ సినిమాలో ఆయన కనిపిస్తారు. నటనతో పాటు రచన కూడా చేశారు. 2020లో మీర్జాపూర్ అనే వెబ్ సీరీస్‌లో ఒక నేర కుటుంబానికి పెద్దగా నటించారు. భయం పుట్టించే పాత్ర అది. అందులో ఎవరూ ఆయన ఎత్తు చూసి నవ్వరు.

అమెరికాలో పీటర్ డింక్లేజ్ ఉన్నారు. ఆయనకు ఉన్నది ఎకాండ్రోప్లేసియానే. కుర్రతనంలో చేతిలో డబ్బు లేని రోజుల్లో కూడా క్రిస్మస్ మరుగుజ్జుల వేషాలు, గంతులేసి నవ్వించే వేషాలు వద్దన్నారు. 2003లో ది స్టేషన్ ఏజెంట్ అనే చిన్న సినిమాతో మంచి పేరు వచ్చింది. తర్వాత గేమ్ ఆఫ్ థ్రోన్స్ సీరియల్లో టిరియన్ పాత్రకు నాలుగుసార్లు ఎమ్మీ అవార్డు అందుకున్నారు. అదే దేశంలో బిల్లీ బార్టీ అనే నటుడు 1957లోనే పొట్టి మనుషులందరినీ ఒకచోట పిలిచి ఒక సంఘం పెట్టారు. దాని పేరు లిటిల్ పీపుల్ ఆఫ్ అమెరికా. వైద్యం, ఉద్యోగం, పెళ్లి సంబంధం, ఏ విషయంలోనైనా ఒకరికొకరు తోడుగా ఉండే సంఘం అది. ఇప్పటికీ నడుస్తోంది. ఒంటరి మనిషి అడిగితే రాని వేషం, సంఘం అడిగితే వస్తుంది.

తెలుగు సినిమా నటుల సంఘం, అదే మా, 1993లో పుట్టింది. అప్పటికి వీరయ్య తెర మీదికి వచ్చి 24 ఏళ్లు. ఆయనకు చేతినిండా పని ఉన్న కాలమంతా సంఘం లేకుండానే గడిచిపోయింది. హైదరాబాదులో చిత్రపురి కాలనీలో ఉండేవారు. చివరి ఏళ్లలో వేషాలు లేక ఇల్లు గడవడం ఎంత కష్టమైందో ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పుకున్నారు. 2021 ఏప్రిల్ 25న, ఆదివారం నాడు, హైదరాబాదులో గుండెపోటుతో చనిపోయారు. వయసు 74. కరోనా రెండో ఉప్పెన నడుస్తున్న రోజులవి. పేపర్లలో చిన్న వార్తలు వచ్చాయి.

ఇప్పుడు ఇంటి మాటకు వద్దాం. సినిమావాళ్లకే కాదు, పల్లెలో ఉన్న పొట్టి మనిషికీ ఆ రెండో సాలు కావాలి. ఆ సాలు వేసుకునే దారి ఈరోజు ఉంది. వీరయ్య వేషాలు వేసిన రోజుల్లో అది లేదు. 1995లో వికలాంగుల కోసం వచ్చిన చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. అందులో మరుగుజ్జుతనం పేరు లేదు. 2016లో కొత్త చట్టం వచ్చింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 21 రకాలు ఉన్నాయి. మరుగుజ్జుతనం పేరు స్పష్టంగా ఉంది. పెద్దయ్యాక 4 అడుగుల 10 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు, లేదా అంతకంటే తక్కువ ఎత్తు ఉన్న స్థితి అని ఆ చట్టం చెబుతోంది. ఆ చట్టం అమల్లోకి వచ్చేసరికి వీరయ్యకు 70 ఏళ్లు.

ఎత్తు 147 సెంటీమీటర్ల లోపు ఉంటే సరిపోతుందా? చాలదు. శాతం కూడా చూస్తారు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక అంగుళం తగ్గితే 4 శాతం అన్నారు. ఆ లెక్కన సరిగ్గా 4 అడుగులు ఉన్న మనిషికి 40 శాతం వస్తుంది. కాళ్ల వంకర, వెన్నెముక వంకర ఉంటే అది అదనం. ఈ 40 శాతం అన్న అంకె ముఖ్యం. మళ్లీ వినండి, 40 శాతం. అది ఉంటేనే చాలా హక్కులు వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతంలో మరుగుజ్జులకూ వాటా ఉంది. ప్రభుత్వ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో 5 శాతం సీట్లు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు.

వీటికి మొదటి మెట్టు, వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేసుకోవాలి. ఇచ్చిన తేదీకి ఆసుపత్రిలో శిబిరానికి వెళ్లాలి. ఆధార్ కార్డు, పాత వైద్యం కాగితాలు, ఎక్స్‌రేలు ఉంటే అవీ వెంట పెట్టుకోవాలి. అక్కడ డాక్టరే ఎత్తు కొలుస్తారు. చెప్పులు తీసి, మడమలు గోడకు ఆనించి, నిటారుగా నిలబడాలి. ఒక అంగుళం తేడాకు నాలుగు శాతం తేడా వస్తుంది కాబట్టి కొలత ఎట్లా తీస్తున్నారో దగ్గరుండి చూసుకోవాలి. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. దివ్యాంగుడిని నలుగురిలో కావాలని అవమానించినా, బెదిరించినా నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. సంతలో, బస్సులో, బడిలో పొట్టివాణ్ని చూసి ఎగతాళి చేసేవాళ్లకు ఈ మాట తెలియాలి. సినిమావాళ్లకు కూడా తెలియాలి. 2024 జూలైలో సుప్రీంకోర్టు, దివ్యాంగులను తెర మీద చూపించే తీరు గురించి ఒక తీర్పు ఇచ్చింది. వాళ్ల బతుకును అర్థం చేయించే హాస్యం వేరు, వాళ్లను కించపరిచే హాస్యం వేరు అని తేల్చి చెప్పింది. కథ రాసేటప్పుడే వాళ్ల మాట వినాలంది.

చిన్నపిల్లల విషయం మిగిలింది. ఎముకల చివర్లు మూసుకోక ముందే కనిపెట్టాలని మొదట్లో చెప్పుకున్నాం. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇంట్లో ఒక గోడ చాలు. ఆరు నెలలకోసారి బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టాలి. తల మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి, దాని అంచు దగ్గర గీత గీయాలి. పక్కన తేదీ రాయాలి. నాలుగేళ్ల నుంచి ఈడు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. రెండు గీతల మధ్య ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా లేకపోతే ఆలస్యం చేయకూడదు. అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పాలి. పిల్లల డాక్టరుకు చూపించాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రికి తీసుకుపోవాలి. హార్మోన్ తక్కువైతే ఆ వయసులో మందు పనిచేస్తుంది. ఎకాండ్రోప్లేసియా అని తేలితే బిడ్డ వెన్నెముక, చెవులు, ఊపిరి తీరు ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాలి. బడి మాత్రం మాన్పించకూడదు. చిన్న స్టూలు ఒకటి బడిలో పెట్టించి, ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్‌ను అడగాలి. సదరం కోసం బిడ్డ పెద్దయ్యేదాకా ఆగనక్కర్లేదు. పిల్లల పేరు మీద కూడా స్లాటు బుక్ చేసుకోవచ్చు.